ఉప్పు మానొద్దు, మార్చండి: రేడియో అయోడిన్‌కు ముందు పథ్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతి. మా ఆవిడకు పాపిల్లరీ థైరాయిడ్ కాన్సర్ అని తేలింది, ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. ఆ తర్వాత రేడియో అయోడిన్, అంటే కిరణాలు వెదజల్లే అయోడిన్ మందు, ఇవ్వాలన్నారు. దానికి రెండు వారాల ముందు నుంచి పాటించాల్సిన పథ్యం అంటూ ఒక కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితంలో బ్రకోలీ ఉంది, ఓట్స్ ఉన్నాయి, మేపుల్ సిరప్ కూడా ఉంది. రాగిసంగటి లేదు, ఊరిబిండి లేదు. మజ్జిగ లేకుండా చిత్తూరు మనిషి భోజనం ఎలా ముగించాలో అసలే లేదు.

ఆ రెండు వారాలు వంటిల్లు నా చేతికొచ్చింది. పక్కన నిలబడి నేర్పించడానికి చిత్తూరు నుంచి మా అత్త వచ్చింది. అప్పుడు మాకు వచ్చిన సందేహాలు, తర్వాత తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగినవి కలిపి ఇక్కడ రాశాను. నేను డాక్టరును కాను. మీ న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు, అంటే ఈ రేడియో మందు ఇచ్చే డాక్టరు, చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

అసలు ఈ పథ్యం దేనికి?

థైరాయిడ్ కణాలకు అయోడిన్ అంటే తీరని ఆకలి. రక్తంలో తిరిగే అయోడిన్‌ను పట్టి లోపలికి లాగే ప్రోటీన్ ఒకటి వాటి పొరలో ఉంటుంది. పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల కాన్సర్ కణాల్లో చాలావాటికి ఈ గుణం ఎంతో కొంత మిగిలే ఉంటుంది. చికిత్స మొత్తం ఈ ఒక్క బలహీనత మీద నడుస్తుంది. అయోడిన్-131 అనే రేడియో అయోడిన్ మింగిస్తే, ఆపరేషన్‌లో చేతికి అందక మిగిలిపోయిన కణాలు అది మామూలు అయోడినో కాదో చూసుకోకుండా లాగేసుకుంటాయి. దాని బీటా కిరణాలు దాదాపు రెండు మిల్లీమీటర్ల లోపలే పని ముగిస్తాయి కాబట్టి దెబ్బ ఎక్కువగా ఆ కణాలకే తగులుతుంది.

మరి ఆ కణాలకు ముందే కావలసినంత మామూలు అయోడిన్ అంది ఉంటే? ఈ లెక్క తెలిశాకే నాకు పథ్యం మీద గురి కుదిరింది. 100 మిల్లీక్యూరీల (కిరణాల బలాన్ని కొలిచే లెక్క) మోతాదులో ఉండే అయోడిన్-131 బరువు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. అదే మన దేశంలో అయోడిన్ కలిపిన ఉప్పు ఇంటికి చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. ఆ లెక్కన ఒక టీస్పూను ఉప్పులో, అంటే సుమారు 5 గ్రాముల్లో, 75 మైక్రోగ్రాములు. మందులో ఉన్నదానికి దాదాపు తొంభై రెట్లు, ఒక్క స్పూనులో!

తిరుమల బస్సు చూశారు కదా, స్టాండులోకి రాకముందే కిటికీలోంచి తువ్వాళ్ళు వేసి సీట్లు పట్టేస్తారు. మామూలు అయోడిన్ అలా తువ్వాళ్ళు వేసేసిన బస్సులోకి రేడియో అయోడిన్ ఎక్కడానికి వస్తే నిలబడే చోటు కూడా దొరకదు. రెండు వారాల పాటు ఆ తువ్వాళ్ళు వేయనీయకుండా చూడటమే ఈ పథ్యం.

రోజుకు ఎంత లోపు ఉండాలి? ఎన్నాళ్ళు?

రోజుకు 50 మైక్రోగ్రాముల లోపు. పెద్దవాళ్ళకు మామూలుగా రోజుకు కావలసింది 150. అందులో మూడో వంతు అన్నమాట. సాధారణంగా మందు మింగడానికి ఒకటి నుంచి రెండు వారాల ముందు మొదలుపెట్టి, మింగాక ఒకటి రెండు రోజుల వరకు కొనసాగిస్తారు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్ళకు రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. ఎక్కడికి వెళ్ళినా, మొదలుపెట్టాల్సిన తేదీ, ఆపాల్సిన తేదీ రెండూ వాళ్ళ చేతే కాగితం మీద రాయించుకోండి. పక్కింటివాళ్ళ కాగితం చూసి లెక్కేసుకోకండి.

ఉప్పు పూర్తిగా మానేయాలా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి.

మన ఇళ్ళలో పథ్యం అనగానే ఉప్పు, కారం, పులుపు మూడూ ఎగిరిపోతాయి. మా అత్త కూడా మొదటిరోజు చప్పిడి పప్పు కలిపి పెట్టింది. రెండు ముద్దలు తిని మా ఆవిడ కంచం పక్కకు నెట్టేసింది. ఇది ఉప్పు తగ్గించే పథ్యం కాదు, అయోడిన్ తగ్గించే పథ్యం. ఉప్పులోని సోడియంతో మనకు పేచీ లేదు, దానికి బయటనుంచి కలిపిన అయోడిన్‌తోనే పేచీ.

పైగా ఉప్పు మొత్తం మానేయడం ప్రమాదం కూడా. థైరాక్సిన్ (గ్రంథి తీసేశాక హార్మోను కోసం రోజూ వేసుకునే మాత్ర) ఆపినవాళ్ళకు ఒంట్లో హార్మోను పడిపోయి ఉంటుంది, అలాంటప్పుడు నీరు సరిగా బయటికి పోదు. దానికి తోడు ఉప్పు లేని తిండి, ఎక్కువ నీళ్ళు తాగమన్న సలహా, బీపీకి వాడే నీరు తీసే మాత్రలు కలిస్తే రక్తంలో సోడియం బాగా పడిపోవచ్చు. వయసు మళ్ళినవాళ్ళలో ఇలా జరిగి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. తికమకగా మాట్లాడటం, వాంతులు, నిలబడలేనంత నీరసం కనిపిస్తే పథ్యం వల్లే అనుకుని ఊరుకోకండి, వెంటనే చూపించండి.

మరి ఏ ఉప్పు వాడాలి? ఎక్కడ దొరుకుతుంది?

అయోడిన్ కలపని ఉప్పు. వినడానికి తేలికే, కొనబోతే తెలుస్తుంది. 2006 మే నుంచి మనుషులు నేరుగా తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదని దేశమంతా నిషేధం ఉంది. అందుకే కిరాణా కొట్టులో అడిగితే వింతగా చూస్తారు.

మాకు అక్కరకొచ్చింది సైంధవ లవణం. గాంధీరోడ్డులో పూజా సామాన్లు, మూలికలు అమ్మే కొట్లలో దొరికింది. అయితే సైంధవం అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. కొన్ని ప్యాకెట్ల వెనక సన్నటి అక్షరాల్లో అయోడిన్ కలిపినట్టు ఉంటుంది. ముందువైపు బొమ్మ చూడొద్దు, వెనకవైపు అక్షరాలు చదవండి. చత్వారం ఉంటే కొట్టువాడి చేత చదివించుకోండి, సిగ్గేం లేదు.

కల్లుప్పు సంగతి ఇంకాస్త చిక్కు. మా అత్తకు కల్లుప్పు తప్ప వేరే ఉప్పు ఉప్పే కాదు. ప్యాకెట్లలో వచ్చే కల్లుప్పుకు ఇప్పుడు అయోడిన్ కలుపుతున్నారు. విడిగా కొలిచి పోసే కల్లుప్పులో ఉందో లేదో చెప్పే కాగితమే ఉండదు. సముద్రపు ఉప్పు వద్దని చాలా పథ్యం పట్టికలు చెబుతాయి కూడా. తెలియనిదాన్ని పక్కన పెట్టడమే మేలని మేం సీసాతో సహా అటక మీదికి ఎక్కించాం.

కొన్న ఉప్పును వేరే డబ్బాలో పోసి, మూత మీద పెద్దక్షరాలతో పేరు రాయండి. స్పూను కూడా దానికి వేరేగా ఉండాలి. చుట్టాలొచ్చి వంటింట్లో సాయం చేస్తామన్నప్పుడు ఈ అక్షరాలే కాపాడతాయి.

అయోడిన్ ఉప్పును పెనం మీద వేయిస్తే అయోడిన్ పోతుందట కదా?

వాట్సాప్‌లో నాకూ వచ్చింది. మన ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్. ఎండకు, తేమకు తట్టుకుంటుందనే దాన్ని ఎంచుకున్నారు. వంటలో కొంత పోవచ్చు, ఎంత పోయిందో మీ పెనం చెప్పదు. వేయించొద్దు, కడగొద్దు, ఉప్పే మార్చండి.

పాలు, పెరుగు, మజ్జిగ ఎందుకు వద్దు? మా ఇంటి ఆవు పాలే కదా?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇది. చిత్తూరు వైపు పాడి లేని ఊరు అరుదు. పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు.

పాలలోకి అయోడిన్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి దాణా, అందులో కలిపే ఖనిజ లవణాల మిశ్రమం. రెండోది పొదుగు శుభ్రం చేయడానికి డెయిరీల్లో వాడే అయోడిన్ ద్రావణం. ఇంటి ఆవుకు రెండోది లేకపోయినా మొదటిది ఉండొచ్చు. అందుకని పాలు, పెరుగు, మజ్జిగ, పనీర్, పాలకోవా, ఐస్‌క్రీం అన్నీ ఆ రెండు వారాలకు బంద్.

కాఫీ మానక్కర్లేదు, పాలే మానాలి. మా ఆవిడ డికాషన్‌లో చక్కెర వేసుకుని తాగింది, మొదటి రెండు రోజులు ముఖం చిట్లించి, మూడోరోజు నుంచి అలవాటైపోయి. మా అత్త రోజూ సాయంత్రం సొంటి కాఫీ కాచేది. కొబ్బరిపాలు ఇంట్లో తీసుకోవచ్చు. సోయా పాలు మాత్రం వద్దు, సోయా పదార్థాలు పట్టికల్లో నిషేధాల కిందే వస్తాయి.

ఇక మజ్జిగ లోటు. చివరి ముద్దలకు పల్చటి చారు పోసుకోవడం తప్ప మాకు వేరే దారి తోచలేదు. మిరియాలు, జీలకర్ర దంచి వేసిన చింతపండు చారు. అది మజ్జిగ కాదు, నిజమే. పెరుగన్నం తింటున్నవాళ్ళను ఆమె ఎదురుగా కూర్చోబెట్టకపోవడం మేం చేసిన అసలైన సాయం.

నెయ్యి వేసుకోవచ్చా? మరి శ్రీవారి లడ్డు?

అయోడిన్ పాలలోని నీటి భాగంలో ఎక్కువ, కొవ్వులో తక్కువ. బాగా కాచిన నెయ్యిలో పెద్దగా మిగలదనే లెక్కతో కొందరు డాక్టర్లు ఒక చుక్క ఒప్పుకుంటారు, కొందరు పాల పదార్థాల కిందే లెక్కేసి వద్దంటారు. మీ డాక్టరును అడగండి. మాకు వద్దన్నారు, మేం నువ్వుల నూనె వేశాం.

తిరుపతిలో ఉంటూ ప్రసాదం వద్దనడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఎవరో ఒకరు కొండ నుంచి దిగుతూ లడ్డు తెస్తూనే ఉంటారు. కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే చికిత్స చెడిపోదు. రోజుకో లడ్డు తినడం వేరే సంగతి. పులిహోర, పొంగలి, వడ, దద్ధోజనం విషయంలో మాత్రం గట్టిగా ఉండండి, వాటిలో ఏ ఉప్పు పడిందో మన చేతిలో లేదు. మా ఆవిడ ప్రసాదాలన్నీ మా పిల్లల చేత తినిపించి, పుణ్యం తన ఖాతాలో రాయమంది.

ఇంతకీ ఏం తినాలి?

చాలా తినొచ్చు. నిజానికి ఇంట్లో వండుకునే పాతకాలపు రాయలసీమ తిండిలో ఉప్పు, పాలు పక్కన పెడితే అయోడిన్ పెద్దగా ఉండదు. కాగితంలో బ్రకోలీ చూసి భయపడ్డాం గానీ సంగటి మా దగ్గరే ఉంది.

మా ఇంట్లో ఒక మామూలు రోజు చెబుతాను. పొద్దున ఇడ్లీ. పిండి ఇంట్లోనే రుబ్బి, ఉప్పు వేయకుండా పులియబెట్టి, ఆమె వాటా తీసి అందులో సైంధవం కలిపేవాళ్ళం. బయట దొరికే పిండి ప్యాకెట్లలో ఉప్పు కలిసే ఉంటుంది కాబట్టి వాటి జోలికి వెళ్ళలేదు. పక్కన శెనక్కాయల చట్నీ, లేకుంటే కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం రాగిసంగటి, గోంగూర పప్పు, వంకాయ కూర. సంగటిలోకి మా అత్త చేసిన ఊరిబిండి ఉంటే కూర కూడా అక్కర్లేదు. శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, అన్నీ అయోడిన్ గొడవ లేనివే. ఉప్పు మనదైతే చాలు. సాయంత్రం అరటిపండో, జామకాయో, మామిడి కాలమైతే బెంగళూరా ముక్కలో. ఉప్పు వేయకుండా వేయించిన శెనక్కాయలు గుప్పెడు. రాత్రి అన్నం, సొరకాయ కూర, చారు.

బీరకాయ, బెండకాయ, కాకరకాయ, టమాట, ఆకుకూరలు, కందిపప్పు, పెసరపప్పు, నూనెలు, మిరియాలు, ధనియాలు, పసుపు, ఏవీ ఆపలేదు. ఉర్లగడ్డ చెక్కు తీసి వండమన్నారు. రాజ్మా పట్టికలో వద్దని ఉంది, మా ఇంట్లో దాన్ని వెతికేవాళ్ళు ఎవరూ లేరు. చక్కెర పర్వాలేదు. పాశ్చాత్య పట్టికల్లో మొలాసిస్ వద్దని కనిపిస్తుంది, అది చూసి మేం బెల్లం కూడా పక్కన పెట్టి రెండు వారాలు చక్కెరతోనే గడిపేశాం.

మాంసం, గుడ్డు, చేపలు?

సముద్రపు చేపలు, రొయ్యలు, పీతలు, ఎండుచేపలు ససేమిరా. చెరువు చేపలో అయోడిన్ సముద్రపు చేపలో ఉన్నంత ఉండదు, కానీ మార్కెట్లో ఏది ఎక్కడిదో తేల్చుకునే ఓపిక ఎవరికుంది? రెండు వారాలు చేపల వీధికే వెళ్ళకండి. గుడ్డులో పచ్చసొన వద్దు, తెల్లసొన తినొచ్చు. కోడి, వేట మాంసం తాజాగా కోయించి తెచ్చుకుంటే రోజుకు నూట యాభై గ్రాముల వరకు పర్వాలేదు. మసాలా పట్టించి అమ్మేవి, గడ్డకట్టించిన ప్యాకెట్లు వద్దు.

ఊరగాయలు, పొడులు, అప్పడాలు?

మేం బోల్తా పడింది ఇక్కడే. ఉప్పు మార్చాం, పాలు మానేశాం, అంతా సవ్యంగా ఉందనుకున్నాం. ఐదోరోజు సాంబారు పెడుతూ మా అత్త పొడి ప్యాకెట్ నా చేతికిచ్చి, “నాయనా, దీంట్లో ఉప్పుందేమో చూడు, నాకు కళ్ళు ఆనడం లేదు” అంది. చూస్తే అయోడైజ్డ్ ఉప్పు అని స్పష్టంగా ఉంది. అప్పటికి రెండుసార్లు ఆ పొడితో సాంబారు తిన్నాం.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఫర్వాలేదు, ఇవాళ్టి నుంచి ఆపండి అన్నారు. ఆరోజే ధనియాలు, మిరపకాయలు, మెంతులు, కందిపప్పు వేయించి పొడి కొట్టుకున్నాం. ఆ తర్వాత అలమరా మొత్తం కిందికి దించి చూస్తే ఉప్పు ఎక్కడెక్కడ దాక్కుందో తెలిసింది. చికెన్ మసాలా, నూడుల్స్ పొట్లాం, సాస్ సీసా, మిక్చర్, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు.

ఆవకాయలో ఉప్పే సగం బలం. ఏ ఉప్పుతో పెట్టారో గుర్తుంటే సరే, లేకుంటే జాడీ మూత తీయకండి. అప్పటికప్పుడు మామిడికాయ తురిమి కారం, మెంతిపిండి, సైంధవం కలిపితే రెండు రోజులు వస్తుంది.

బేకరీ బ్రెడ్డు, బన్ను, బిస్కెట్లు కూడా వద్దు. ఉప్పు, పాలు సరే, పిండి మెత్తబడటానికి అయోడేట్లు కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎర్రరంగు మీద కూడా కన్నేయండి. ఎరిత్రోసిన్ అనే రంగు అయోడిన్‌తో కూడినదే, లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 127 అని ఉంటుంది. కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీలు, ఎర్ర సిరప్‌లు తగ్గించుకోండి. చైనాగ్రాస్ సముద్రపు నాచు నుంచి తీస్తారు కాబట్టి దాంతో చేసే జెల్లీలు కూడా వద్దు. ఎండుమిరపకాయ ఎరుపుకూ దీనికీ సంబంధం లేదు!

హోటల్లో తినొచ్చా? ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఎలా?

వద్దు. ఉప్పు వేయకుండా చేసిపెట్టమంటే మాస్టరు తలూపుతాడు, కానీ పిండిలో, చట్నీలో, గ్రేవీలో పొద్దున్నే పడిపోయి ఉంటుంది. రాయవేలూరు వెళ్ళేవాళ్ళు ఇంటి నుంచి సద్ది కట్టుకోండి. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. అరటిపళ్ళు, ఉప్పులేని శెనక్కాయలు చేతిసంచిలో ఉంచండి. చేరిన రోజు ఆసుపత్రి క్యాంటీన్ భోజనం ఈ పథ్యానికి తగ్గట్టు ఉంటుందో లేదో ముందురోజే అడగండి, ఉంటుందనుకుని వెళ్ళకండి.

థైరాక్సిన్ మాత్ర ఆపాలా?

మీ అంతట మీరు ఆపొద్దు. రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో మాత్రను మూడు నాలుగు వారాల ముందు ఆపిస్తారు. హార్మోను తగ్గేకొద్దీ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్ కణాలను పురిగొల్పే హార్మోనైన టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది, రక్తపరీక్షలో అది 30 దాటితే మిగిలిన థైరాయిడ్ కణాలు అయోడిన్ కోసం బాగా ఆవురావురంటాయి. రెండో పద్ధతిలో మాత్ర ఆపకుండానే వరసగా రెండు రోజులు టీఎస్‌హెచ్ ఇంజెక్షన్లు ఇచ్చి, మర్నాడు రేడియో అయోడిన్ ఇస్తారు. అది ఖరీదు.

మాత్ర ఆపినవాళ్ళకు ఆ వారాలు బరువుగా గడుస్తాయి. చలి, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, మాట మందగించడం, ఏ పనికీ లేవబుద్ధి కాకపోవడం. మా ఆవిడ మధ్యాహ్నం పన్నెండింటికి స్నానం చేయడమే ఒక ఘనకార్యంగా చెప్పుకునేది. ఇది బద్ధకం కాదని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. అలాంటి మనిషి చేత విడి వంట చేయించడం అన్యాయం. మగవాళ్ళు ఈ రెండు వారాలైనా పొయ్యి దగ్గరికి రావాలి. బండి కూడా నడపనీయకండి.

వాడుతున్న మందులు, పుండుకు రాసే మందులు?

తిండి కన్నా వీటితో వచ్చే ముప్పు చాలా ఎక్కువ. అయోడిన్ కాంట్రాస్ట్ (స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు) ఇంజెక్షన్ ఇచ్చి తీసే సీటీ స్కాన్ ఒక్కటి చాలు, అందులో వెళ్ళే అయోడిన్ ముందు ఉప్పు స్పూను లెక్కే కాదు. అలాంటి స్కాన్ ఎప్పుడు తీశారో డాక్టరుకు తప్పక చెప్పండి. మామూలుగా ఒకటి రెండు నెలలు ఆగమంటారు. గుండె లయకు వాడే అమియోడరోన్ నిండా అయోడిన్, ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. దాన్ని సొంతంగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టర్లు ఇద్దరూ మాట్లాడుకోవాలి.

బెటాడిన్ అంటేనే పోవిడోన్ అయోడిన్. పుండుకు రాసేది, పుక్కిలించేది, రెండూ వద్దు. మొక్కు తీర్చుకోవడానికి తలనీలాలు ఇచ్చినప్పుడు గాటు పడితే అలవాటుగా అదే రాస్తారు, ముందే చెప్పండి. మల్టీవిటమిన్ మాత్రల్లో అయోడిన్ ఉందేమో చూసి ఆపండి. మూలికల పొడులు, థైరాయిడ్‌కు మంచిదని ఎవరో ఇచ్చిన గుళికలు ఏం కలిపారో తెలియకుండా మింగకండి.

నాకు రొయ్యలు పడవు, దద్దుర్లు వస్తాయి. రేడియో అయోడిన్ తీసుకోవచ్చా?

రొయ్యలు పడకపోవడం వాటిలోని ప్రోటీన్ల వల్ల, అయోడిన్ వల్ల కాదు. మందులో అయోడిన్ ఒక మైక్రోగ్రాము కూడా లేదని పైన చెప్పాను కదా. డాక్టరుకు చెప్పండి, భయపడకండి.

క్యాబేజీ, కాలీఫ్లవర్ థైరాయిడ్‌కు పడవంటారు?

ఈ రెండు వారాల పథ్యానికి వాటితో పేచీ లేదు, వాటిలో అయోడిన్ తక్కువే.

పొరపాటున ఒకరోజు అయోడిన్ ఉప్పు తింటే మొత్తం వృథాయేనా?

కాదు. మర్నాటి నుంచి సరిచేసుకోండి, చికిత్సకు వెళ్ళినప్పుడు దాచకుండా చెప్పండి. అనుమానముంటే మూత్రంలో అయోడిన్ పరీక్ష చేయించే వీలు కొన్నిచోట్ల ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పథ్యంతో మూత్రంలో అయోడిన్ తగ్గుతుందనీ, కణాలు రేడియో అయోడిన్‌ను ఎక్కువగా తీసుకుంటాయనీ పరిశోధనల్లో కనిపించింది. ఏళ్ళ తర్వాత ఫలితంలో ఎంత తేడా తెస్తుందన్నది మాత్రం అంత గట్టిగా తేలలేదు. కాబట్టి శ్రద్ధగా చేయండి, ఒక్క అప్పడం ముక్క తిన్నందుకు రాత్రంతా ఏడవకండి.

థైరాయిడ్ కాన్సర్ ఉన్న అందరికీ ఇది అవసరమా?

లేదు. మెడుల్లరీ, అనాప్లాస్టిక్ రకాలు అయోడిన్‌ను పట్టుకోవు కాబట్టి వాటికి ఈ చికిత్సే లేదు. పాపిల్లరీలో కూడా చిన్న గడ్డ, పాకని రకం అయితే ఆపరేషన్‌తోనే ఆపేస్తున్నారు. రేడియో అయోడిన్ వద్దన్నారంటే మిమ్మల్ని వదిలేశారని అర్థం కాదు.

గర్భం, పాలిచ్చే తల్లులు?

గర్భంతో ఉన్నవాళ్ళకు రేడియో అయోడిన్ ఇవ్వరు, ఇవ్వకూడదు. ముందే పరీక్ష చేస్తారు. బిడ్డకు పాలిచ్చే తల్లి చాలా వారాల ముందే పాలు మాన్పించాలి, చికిత్స తర్వాత ఆ బిడ్డకు మళ్ళీ ఇవ్వకూడదు. గర్భం దాల్చడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు. ఈ మాటలు అత్తమామల ముందు అడగలేని అమ్మాయిలు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతామని అడగొచ్చు.

ఇదేమైనా కొత్త ప్రయోగమా?

ఎనభై ఏళ్ళ పాత వైద్యం. 1941లో అమెరికాలోని బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ థైరాయిడ్ అతిగా పనిచేసే రోగికి మొదటిసారి రేడియో అయోడిన్ ఇచ్చాడు. కాన్సర్‌కు వాడిన ఫలితాలను 1946లో శామ్యూల్ సీడ్లిన్ బృందం ప్రచురించింది.

మందు మింగాక ఏం జరుగుతుంది?

ఎక్కువ మోతాదైతే ప్రత్యేక గదిలో ఒంటరిగా ఉంచుతారు. ఆ గది మూత్రం కూడా మామూలు కాలువలోకి పోదు, ట్యాంకుల్లో నిలవ ఉంచి రేడియోధార్మికత తగ్గాక వదులుతారు. అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగానికి తగ్గుతుంది. కొలత తగ్గాక ఇంటికి పంపుతారు. పిల్లలకు, గర్భిణులకు ఎన్నాళ్ళు ఎంత దూరంగా ఉండాలో మోతాదును బట్టి రాసిస్తారు. ఆ రోజులు పూర్తయ్యేదాకా కొండ మీద క్యూలో నిలబడే ఆలోచన పెట్టుకోకండి. పక్కన చంటిబిడ్డ తల్లి ఎవరుంటారో తెలియదు. ఇంటికి కూడా రద్దీ బస్సులో కాకుండా కారులో వెనక సీటులో ఒక మూల కూర్చుని రావడం మేలు.

అయోడిన్ ఉప్పు తినడం వల్లే కాన్సర్ వచ్చిందంటున్నారు. ఇకమీదట ఇల్లంతా సైంధవమే వాడొచ్చా?

మా చుట్టాల్లో నలుగురు ఇదే అన్నారు. వాడొద్దు. గొంతు కింద పెద్ద కాయలతో, మందబుద్ధి పిల్లలతో కొండ ప్రాంతాల పల్లెలు నలిగిపోయిన రోజులు ఈ దేశంలో ఉన్నాయి. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ రామలింగస్వామి, సహచరులు 1956 నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఉప్పుకు అయోడిన్ కలిపి ఇచ్చి చూశారు, గాయిటర్, అంటే ఆ గొంతు కాయల జబ్బు, బాగా తగ్గింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది అందుకే. గ్రంథి పూర్తిగా తీసేసి, మాత్రతో హార్మోను అందుకుంటున్న మనిషికి తన వరకు అయోడిన్ అవసరం పోయినా, అదే పొయ్యి మీద వండింది తినే కోడలికి, మనవడికి పోలేదు. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ కావాలి.

మళ్ళీ మామూలు తిండి ఎప్పుడు?

డాక్టరు రాసిన తేదీన. మాకు మందు మింగిన రెండు రోజుల తర్వాత. ఐసొలేషన్ గదిలోంచి మా ఆవిడ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట స్కాన్ గురించి కాదు, ఇంట్లో పెరుగు తోడు పెట్టారా అని. మా అత్త ముందు రాత్రే పెట్టేసింది.